పాటన్ పాత నగరంలో గుడులు, లోపలి ప్రాంగణాలు చూడడానికి గైడుతో నడక అవసరమా?

ప్రశ్న: ప్రయాణపుసంచి

అందరికీ నమస్కారం. రాబోయే శ్రావణమాసంలో నేను, నా భార్య, మా అమ్మగారు, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి కాఠ్మండూ వెళ్ళబోతున్నాము. పశుపతినాథుని దర్శనం, గుహ్యేశ్వరి దర్శనం మొదటి రోజే పూర్తిచేసుకుంటాము కనుక ఆ తరువాత మాకు ఒక రోజున్నర తీరిక ఉంటుంది. మేము గది తీసుకున్న చోటి వారు కాఠ్మండూ, పాటన్, భక్తపూర్ రాజప్రాంగణాలు (దర్బార్ స్క్వేర్‌లు) మూడింటినీ ఒకే రోజులో కారులో తిప్పి చూపిస్తామంటున్నారు. దానికి బదులు పాటన్ ఒక్కదానిలోనే గైడుతో నాలుగు గంటలు నడుస్తూ గుడులను, ఇళ్ళ మధ్య దాగి ఉండే ప్రాంగణాలను చూడవచ్చునని విన్నాను.

ఆ ప్రాంగణాలలో కుటుంబాలు నివసిస్తున్నాయంటారు. మరి పరాయివాళ్ళం లోపలికి వెళ్ళడం మర్యాదేనా? అవి బౌద్ధుల విహారాలా, హిందువుల గుడులా అన్నది కూడా చదివినకొద్దీ తికమకగానే ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన సందేహం మా అమ్మగారి గురించి. ఆవిడకు 68 ఏళ్ళు. చదునైన నేల మీద చక్కగానే నడుస్తారు కానీ మెట్లంటే మోకాళ్ళు సహకరించవు. ఇటువంటి నడక ఆవిడకు సాధ్యమేనా? వెళ్ళివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: లోగిలి

మూడు నగరాలను ఒక్క రోజులో చుట్టే ఆలోచన మానుకోండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అదే చేశాను. సాయంత్రానికి ఏ గోపురం ఏ ఊరిలో చూశానో ఫొటోలు తిరగేస్తే తప్ప గుర్తుకు రాలేదు. భక్తపూర్ కాఠ్మండూకు తూర్పున దాదాపు 13 కిలోమీటర్ల దూరంలో ఉంది, అది విడిగా ఒక రోజుకు సరిపోయే ఊరు. పాటన్ మాత్రం బాగ్మతి నది దాటితే చాలు. ఆ నగరానికి లలిత్‌పూర్ అని మరో పేరు, అక్కడి నేవార్ ప్రజలు తమ భాషలో యల అని పిలుచుకుంటారు. 1768లో గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా జయించేంతవరకు అది మల్ల రాజుల స్వతంత్ర రాజ్యం. అందుకే అంత చిన్న ఊరిలో ఒక రాజధానికి ఉండవలసిన హంగులన్నీ ఉన్నాయి.

మీరు అడిగిన ప్రాంగణాలను నేవార్ భాషలో బహా అని, నేపాలీలో బహాల్ అని అంటారు. విహారమనే మాటే అరిగి అరిగి బహా అయింది. మన మండువా లోగిలిని తలచుకుంటే దాని స్వరూపం సులువుగా అర్థమవుతుంది: నాలుగు వైపులా ఇళ్ళు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. అయితే మండువా ఒక కుటుంబానిది, బహా ఒక వంశసమూహానిది. వీధిలో నిలబడి చూస్తే అక్కడొక ప్రాంగణం ఉందని అనుమానం కూడా రాదు, ఎందుకంటే రెండు దుకాణాల మధ్య తలవంచి దూరవలసినంత ఎత్తున్న చీకటి దారి ఒక్కటే దానికి గుర్తు. ఆ దారిలో పది అడుగులు వేసేసరికి వెలుతురు, మధ్యలో రాతి చైత్యం (చిన్న స్తూపం), దాని చుట్టూ ఆరబోసిన ధాన్యమో బట్టలో, ఎదురుగా ఇత్తడి రేకు తాపిన తలుపులతో గర్భగుడి కనిపిస్తాయి. ప్రవేశద్వారానికి సరిగ్గా ఎదురుగా ఉండే ఆ గర్భగుడిలోని మూర్తిని క్వాపాద్యః అంటారు. బుద్ధుడో బోధిసత్త్వుడో అక్కడ కొలువై ఉంటాడు, ఎవరైనా దర్శించుకోవచ్చు. పై అంతస్తులో ఉండే ఆగమం అనే రహస్య పూజగది మాత్రం దీక్ష పొందినవారికే. అక్కడికి వెళ్ళే మెట్ల వైపు కెమెరా ఎత్తకపోవడమే మర్యాద.

ఇవి బౌద్ధ విహారాలే, అయితే సన్యాసులు లేని విహారాలు. శాక్య, వజ్రాచార్య కుటుంబాలవారు పెళ్ళిళ్ళు చేసుకుని సంసారం చేస్తూనే తరతరాలుగా విహారధర్మం నిర్వహిస్తున్నారు. ఆ ఇళ్ళలోని మగపిల్లలకు చిన్నతనంలో తలగొరిగి, చీవరం (భిక్షువుల వస్త్రం) కట్టి, నాలుగు రోజులపాటు భిక్షువులుగా ఉంచుతారు. నాలుగో నాడు చీవరం విప్పి, మళ్ళీ గృహస్థుల ఇంటి పిల్లలవుతారు, కానీ ఆ బహాలో సభ్యత్వం జీవితాంతం నిలిచిపోతుంది. బౌద్ధమా, హిందువా అన్న మీ ప్రశ్నను అక్కడి పెద్దలను అడిగితే నవ్వుతారు. శాక్యుల ఇంటి ముందు వినాయకుడి గుడి ఉంటుంది, వీధి చివర నారాయణుడి గుడిలో ఆ ఇంటివాళ్ళే దీపం పెడతారు.

నా అనుభవంలో గైడు చేసే అసలు మేలు చరిత్ర చెప్పడం కాదు, ఆ చీకటి దారులలో ఏది ఎవరి ఇంటి వరండాలోకి పోతుందో, ఏది పదిమందీ నడిచే దారో తెలిసి ఉండడం. కనుక అదే పేటలో పుట్టిపెరిగిన వ్యక్తిని అడిగి మరీ కుదుర్చుకోండి.

జవాబు: ఒంటరిబాటసారి

లోగిలి గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. రాజప్రాంగణానికి గైడు అవసరమే లేదు. అక్కడి కోటలోని మ్యూజియంలో ఉన్న వివరణలు చాలామంది గైడుల మాటలకన్నా మెరుగ్గా ఉంటాయి, అక్కడ రెండు గంటలు గడిపితే విగ్రహాల ముద్రలు, ఆసనాలు, ఆయుధాలను బట్టి ఎవరు ఎవరో పోల్చుకోవడం వచ్చేస్తుంది. నేను వెళ్ళినప్పుడు కుదుర్చుకున్న మనిషి నాలుగు గంటల నడకలో ఒక గంటకు పైగా ఒక పటాల దుకాణంలో కూర్చోబెట్టాడు. టీ ఇచ్చారు, చిత్రాలు ఒక్కొక్కటే విప్పి చూపారు, మొహమాటంతో లేవలేకపోయాను. ఆ గంటలో మూడు బహాలు చూసేవాడిని. అందుచేత గైడును పెట్టుకునేటట్టయితే పర్యాటక శాఖ ఇచ్చిన లైసెన్సు కార్డు చూపమనండి, నడకలో దుకాణాలు ఉండకూడదని బయలుదేరే ముందే తేల్చిచెప్పండి.

రెండు చిన్న సంగతులు కూడా. మీ గుర్తింపు పత్రాలు వెంట ఉంచుకోండి, ఎందుకంటే రాజప్రాంగణం టికెట్టు సార్క్ దేశాలవారికి ఇతర విదేశీయులకన్నా చాలా తక్కువ, అది అడిగి తీసుకోవలసి ఉంటుంది. ఎవరైనా మన రూపాయలలో ధర చెబితే 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న లెక్క గుర్తుంచుకోండి. ఆ మారకం స్థిరమైనది, రోజురోజుకూ మారదు.

జవాబు: శిల్పరేఖ

రాజప్రాంగణానికి గైడు అక్కరలేదన్న మాట వివరాలు వెతుక్కునే ఓపిక ఉన్నవారికి నిజమే, కానీ కృష్ణమందిరం దగ్గర మాత్రం ఎవరైనా ఒకరు వేలు పెట్టి చూపిస్తే ఆ ఆనందం వేరు. సిద్ధినరసింహ మల్లుడు 1637లో కట్టించిన ఆ గుడి చుట్టుపక్కల గుడుల వంటిది కాదు. మిగిలినవన్నీ ఇటుక, కలప, పెంకులతో అంతస్తులుగా లేచిన కప్పులైతే, ఇది మొత్తం రాతితో, ఉత్తరభారతపు శిఖర పద్ధతిలో, 21 చిన్నచిన్న శిఖరాలతో నిలిచింది. మొదటి అంతస్తు చుట్టూ మహాభారత కథ, రెండో అంతస్తు చుట్టూ రామాయణ కథ రాతి పట్టీలుగా చెక్కి ఉన్నాయి, ప్రతి ఘట్టం కింద నేవార్ భాషలో దాని పేరు కూడా చెక్కారు. కింద నిలబడే చాలా ఘట్టాలు పోల్చుకోవచ్చు. మీ అమ్మగారికి ఆ కథలు వచ్చి ఉంటాయి కనుక గైడు కన్నా ముందు ఆవిడే చెప్పగలరేమో. గుడికి ఎదురుగా స్తంభం మీద గరుత్మంతుడు చేతులు జోడించి మోకరిల్లి ఉంటాడు.

మరికొంచెం దూరంలో ఇంకొక స్తంభం మీద యోగనరేంద్ర మల్లుడి బంగారుపూత విగ్రహం, ఆయన తల వెనుక నాగుపాము పడగ, పడగ మీద ఒక చిన్న పక్షి ఉన్నాయి. ఆ పక్షి ఎగిరిపోనంతకాలం రాజు తిరిగి వస్తాడని జనం చెప్పుకుంటారు, ఆయన కోసం కోటలో ఒక కిటికీ తెరిచే ఉంచుతారట.

గుడి కప్పులను మోసే ఏటవాలు ఊతదూలాలను టుండాల్ అంటారు. పైభాగంలో దేవతామూర్తులు, అడుగున కొన్నిచోట్ల శృంగార దృశ్యాలు చెక్కి ఉంటాయి. కొందరు గైడులు వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగి హాస్యమాడుతుంటారు. కుటుంబంతో వెళ్తున్నారు కనుక ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఇబ్బంది ఉండదు. వాటికన్నా తలుపుల పైనుండే తోరణాలు చూడండి. మనం మామిడాకులతో కట్టేది కాదు, అర్ధచంద్రాకారంలో ఉండే కొయ్య లేదా లోహపు ఫలకాన్ని అక్కడ తోరణమంటారు. దానిని గోడకు ఆనించకుండా ముందుకు వంచి బిగిస్తారు, గుమ్మంలో నిలబడి తలెత్తిన భక్తుడికి సూటిగా కనబడాలని. లోపలి దేవుడెవరో తోరణం నడుమనున్న మూర్తి చెప్పేస్తుంది, కనుక తలుపులు మూసి ఉన్నా అది ఎవరి గుడో తెలిసిపోతుంది.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఈ ప్రాంగణంలోని చార్ నారాయణ, హరిశంకర ఆలయాలు నేలమట్టమయ్యాయి, యోగనరేంద్రుడి విగ్రహం స్తంభం మీదినుంచి పడిపోయింది, కృష్ణమందిరం దెబ్బతిన్నా నిలబడింది. చెప్పవలసిన సంగతి ఏమిటంటే, చెక్కడపు కలపను స్థానికులు, పోలీసులు, సైనికులు కలిసి శిథిలాలనుంచి ఏరి కోట ఆవరణలో భద్రపరిచారు. తరువాత నేవార్ వడ్రంగులు ఆ పాత ముక్కలను వాటి స్థానాలలోనే అమర్చి, పనికిరాని చోట మాత్రమే కొత్త కలప అతికి ఆ రెండు గుడులనూ లేవనెత్తారు. ఇప్పుడు దగ్గరగా చూస్తే నల్లబడిన పాత కలప పక్కన కొత్త కలప లేత రంగులో తెలిసిపోతుంది. ఆ అతుకులు మీ అబ్బాయిని వెతకమనండి, ఏ గైడు ఉపన్యాసానికీ దొరకని శ్రద్ధ దానికి దొరుకుతుంది.

దక్షిణాన ఉన్న మహాబౌద్ధ ఆలయం కూడా వదలకండి. బుద్ధగయలోని మహాబోధి ఆలయాన్ని చూసివచ్చి దాని నమూనాలో 16వ శతాబ్దంలో మొదలుపెట్టిన కట్టడమది. ఇటుక ఇటుకకూ బుద్ధుడి బొమ్మ ఉంటుంది. 1934 భూకంపంలో కూలిపోతే తిరిగి కట్టారు, మిగిలిపోయిన ఇటుకలతో పక్కనే మాయాదేవికి చిన్న గుడి కట్టారని చెబుతారు. ప్రాంగణం ఎంత ఇరుకంటే, నేలమీద నిలబడి ఎంత వెనక్కి జరిగినా శిఖరం కంటికి ఆనదు.

ప్రయాణపుసంచి

ముగ్గురికీ ధన్యవాదాలు. మూడు నగరాల కారు పర్యటన మానుకున్నాము. మా ప్రయాణం శ్రావణ పూర్ణిమకు అటూ ఇటూగా పడుతున్నది. ఆ రోజులలో రద్దీ ఎక్కువగా ఉంటుందా? మా అమ్మగారి మోకాళ్ళ దృష్ట్యా ఏవి వదిలేయాలో, దేని తరువాత ఏది చూడాలో కూడా ఎవరైనా చెబితే మేలు. బహాలలోకి తోలు వస్తువులతో వెళ్ళకూడదని ఎక్కడో చదివాను, అది నిజమేనా?

జవాబు: లోగిలి

మీకు తెలియకుండానే మంచి నెల ఎంచుకున్నారు. నేవార్ల సొంత పంచాంగమైన నేపాల్ సంవత్ 879లో మొదలైంది. దానిలో పదో నెల గుంలా, మన శ్రావణం లాగే అమావాస్య మరునాడు మొదలై తరువాతి అమావాస్యతో ముగుస్తుంది, అధికమాసం అడ్డురాకపోతే రెండూ ఒకటే నెల. నేపాల్ ప్రభుత్వ కాలెండరులోని శ్రావణం సౌరమాసం, అది వేరు, తేదీలు చూసేటప్పుడు పొరబడకండి. గుంలా బౌద్ధ నేవార్లకు పవిత్రమాసం. తెల్లవారుజామునే డోళ్ళు, తాళాలు వాయించుకుంటూ బృందాలు చైత్యాలకు నడుస్తాయి. ఆ నెలలోనే కొన్నాళ్ళపాటు బహాలలో దాచి ఉంచిన పాత విగ్రహాలను, గుడ్డమీద గీసిన పౌభా అనే దేవతా చిత్రాలను ప్రాంగణంలోకి తెచ్చి అందరికీ కనబడేట్టు పెడతారు. మిగిలిన పదకొండు నెలలు ఎంత మంచి గైడు వెంట ఉన్నా అవి చూడలేరు.

పూర్ణిమనాడు వాళ్ళకు జనై పూర్ణిమ, మనకు జంధ్యాల పూర్ణిమ, పండగ ఒకటే. ఆ రోజు పాటన్ ఉత్తరపు అంచున ఉన్న కుంభేశ్వరాలయంలో పెద్ద తిరునాళ్ళు జరుగుతాయి. 1392 నాటి ఆ శివాలయానికి ఐదంతస్తుల కప్పు. ఆవరణలోని కోనేటికి హిమాలయాలలోని గోసాయింకుండ్ సరస్సునుంచి నీరు వస్తుందని నమ్మకం. ఆ రోజు కోనేటి నడుమ వెండి తొడుగు వేసిన లింగాన్ని ప్రతిష్ఠిస్తారు. ఊపిరి ఆడని జనం ఉంటారు కనుక అమ్మగారిని పూర్ణిమనాడు అక్కడికి తీసుకువెళ్ళవద్దు, ముందురోజు ఉదయం వెళ్ళండి. పూర్ణిమ తరువాత కొద్దిరోజులకే మతయా అనే ఊరేగింపు ఉంటుంది. దానిలో వేలమంది ఊళ్ళోని చైత్యాలన్నిటినీ దర్శించుకుంటూ ఒక బహాలోంచి మరొక బహాలోకి బారులు తీరి నడుస్తారు. ఆ రోజున దారులన్నీ వారివే, మనం ఒక అరుగు మీద కూర్చుని చూడడం తప్ప నడక సాగదు.

తోలు సంగతి నిజమే. క్వా బహా అని పిలిచే హిరణ్యవర్ణ మహావిహారం లోపలి భాగంలోకి చెప్పులు, బెల్టు, పర్సు సహా తోలు వస్తువేదీ తీసుకువెళ్ళకూడదు. నేను బెల్టు విప్పి చేత్తో పట్టుకుని నిలబడితే అదీ కుదరదన్నారు. ఆ రోజుకు గుడ్డసంచి, రబ్బరు చెప్పులు చాలు. బంగారుపూత రాగిరేకులతో మెరిసే ఆ గుడి కప్పునుంచి కిందికి వేలాడే పొడవాటి లోహపు పట్టీలను పతాకలంటారు, భక్తుడు పిలిస్తే దేవత దిగివచ్చే దారి అవి. లోపల పూజ చేసేది పన్నెండేళ్ళలోపు బాలుడు, నెల రోజులకొకసారి వంతు మారుతుంది. మీ అబ్బాయికంటే చిన్నవాడు గంభీరంగా నైవేద్యం పెడుతుంటే చూడడం మీకెలా ఉంటుందో కానీ, నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. ప్రాంగణంలో తాబేళ్ళు తిరుగుతుంటాయి, అడుగు చూసి వేయండి.

ఇక వరుస. ఉదయం ఏడింటికల్లా కుంభేశ్వరం దగ్గర కారు దిగండి, మన గడియారం కన్నా వాళ్ళది పదిహేను నిమిషాలు ముందుంటుంది. ఆ వేళకు ఆడవాళ్ళు పూజాపళ్ళెంతో గుడి గుడికీ తిరుగుతుంటారు, అసలైన పాటన్ అదే. అక్కడినుంచి దక్షిణంగా, చదునైన నేలమీద, క్వా బహాకు, దాని పక్కనున్న విశాలమైన నాగ బహాకు నడవండి. ఇళ్ళ గుమ్మాల ఎదుట నేలలో పాతి కుంకుమ పూసిన రాయి కనిపిస్తుంది, దానిని పిఖాలఖు అంటారు. అది ఆ ఇంటి కాపలాదేవత, పొరబాటున కూడా కాలు పెట్టకండి. వాన పడుతుంటే పాటి అనే పందిరి అరుగులమీద కూర్చోవచ్చు, అవి బాటసారుల కోసమే కట్టినవి.

తొమ్మిదింటికి రాజప్రాంగణం చేరుకుంటారు. కృష్ణమందిరం మెట్లు అమ్మగారు ఎక్కనక్కరలేదు, శిల్పరేఖ గారు చెప్పినట్టు కిందినుంచే చూడవచ్చు. మంగ హిటి అనే రాతిధారల బావి నేలకు చాలా దిగువన ఉంటుంది. 6వ శతాబ్దం నాటి ఆ ధారలు మకరముఖాలతో ఉంటాయి. మెట్లు తడిసి పాచిపట్టి ఉంటాయి కనుక పైగట్టు మీదినుంచే చూపించండి. కోటలోని సుందరీ చోక్ అనే ప్రాంగణంలో రాజులు స్నానమాడిన తుషా హిటి ఉంది, దానిని పైనుంచి చూస్తేనే అందం. మ్యూజియం మేడమెట్లు నిటారుగా ఉంటాయి. మీ భార్య, అబ్బాయి పైకి వెళ్ళి చూసివచ్చేలోగా మీరూ అమ్మగారూ వెనుకనున్న తోటలో కూర్చోవచ్చు.

మహాబౌద్ధం అక్కడినుంచి కొంత దూరం. అప్పటికి ఆవిడ అలసిపోతే కారు పిలిపించుకోండి. శిఖరం సరిగా కనబడాలంటే పక్క ఇంటి మేడ ఎక్కాలి, అది మీ అబ్బాయికి వదిలేసి, ఆవిడను కింద మాయాదేవి గుడి దగ్గర కూర్చోబెట్టండి.

జవాబు: ఒంటరిబాటసారి

ఒక చేర్పు. మహాబౌద్ధం పక్కన మేడ మీదికి వెళ్ళే దారి ఒక దుకాణంలోంచి ఉంటుంది. అది ఎక్కడానికి ఏదైనా కొనవలసిన అవసరం లేదు, అడిగితే పంపిస్తారు. దిగేటప్పుడు మాత్రం ఎవరూ మిమ్మల్ని కూర్చోమనకుండా చూసుకోండి.